థర్డ్ పార్టీ అంటే ఎవరు?

మన ఐటీ వాళ్ళ నోట్లో రోజుకి పదిసార్లు దొర్లే మాట "థర్డ్ పార్టీ". అది మన కోడ్ కాదండీ, థర్డ్ పార్టీ లైబ్రరీ. ఆ బగ్ మనది కాదు, థర్డ్ పార్టీది. ఈ మాట అనేసరికి మీటింగులో అందరి మొహాల్లోనూ ఒక నిశ్చింత కనిపిస్తుంది, హోటల్లో బిల్లు పక్క టేబులుకి వెళ్ళిపోయినంత హాయిగా. ఇంగ్లీషులో థర్డ్ పర్సన్ అన్నదాన్ని మన వ్యాకరణంలో ప్రథమ పురుష అంటారని స్కూల్లో చదువుకున్నాం కదా. వాడు, అది, వాళ్ళు - వీళ్ళంతా ప్రథమం. "నేను" మాత్రం ఉత్తమ పురుష, అది వేరే సంగతి :-) ప్యాకేజీల విషయంలో మన వ్యాకరణమే కరెక్టు అనిపిస్తుంది నాకు. మనం ఎవర్ని థర్డ్ పార్టీ అంటున్నామో వాళ్ళ పని ముందు జరిగితేనే మన పని మొదలవుతుంది. ఈ టపా వాళ్ళ గురించే.

నేను పని చేసేది నెట్‌వర్క్ పెట్టెలు తయారుచేసే ఒక కంపెనీలో. వాటిల్లో నడిచేది ఫ్రీబీఎస్‌డీ. లినక్స్ కాదా అని ముక్కున వేలేసుకోకండి. నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు మన ఇళ్ళకి సినిమాలు పంపే సర్వర్లు కూడా ఫ్రీబీఎస్‌డీ మీదే నడుస్తాయి. ఇందులో ఒక సదుపాయం ఏమిటంటే, ఏది ఇంటిదో ఏది బయటిదో గీత గీసి ఉంటుంది. కెర్నలు, దాంతోపాటు వచ్చే ప్రాథమిక టూల్సు అన్నీ ఒకే ట్రీలో ఒకే టీము చూసుకుంటుంది. దాన్ని బేస్ సిస్టం అంటారు. మిగతాదంతా, అంటే పైథాన్ దగ్గర్నుంచి ఎన్‌జిన్ఎక్స్ దాకా, థర్డ్ పార్టీ. దాన్ని తెచ్చి, కంపైల్ చేసి, పెట్టెలోకి ఎక్కించే పని ప్రతి రిలీజుకీ మా టీములో నాది.

బయటి సాఫ్ట్‌వేర్‌ని తేవడానికి ఫ్రీబీఎస్‌డీ వాడే పద్ధతి పేరు పోర్ట్స్. జోర్డన్ హబ్బర్డ్ అనే ఆయన 1994 ఆగస్టులో మొదలుపెట్టాడు. అంతకు ముందు ఏ ప్రోగ్రాం కావాలన్నా ఎఫ్‌టీపీ నుంచి టార్‌బాల్ దించుకుని, రీడ్‌మీ చదివి, కాన్ఫిగర్ నడిపి, అది ఎక్కడ ఆగిపోతే అక్కడ చేత్తో సరిచేసుకుని, మళ్ళీ నడపాలి. ఊళ్ళో ప్రతి ఒక్కడూ అదే కుస్తీ విడివిడిగా పట్టాలి. ఒకడు పట్టిన కుస్తీని మేక్‌ఫైల్లో రాసిపెడితే మిగతావాళ్ళకి ఆ తిప్పలు ఉండవు కదా అన్నదే ఆలోచన. తర్వాత నెట్‌బీఎస్‌డీ వాళ్ళ పీకేజీఎస్ఆర్‌సీ, ఓపెన్‌బీఎస్‌డీ పోర్ట్స్, జెంటూ లినక్స్ వాళ్ళ పోర్టేజ్, మ్యాక్‌లో మ్యాక్‌పోర్ట్స్ - అన్నీ ఆ ఆలోచనకి పిల్లలే. ఇవాళ ఫ్రీబీఎస్‌డీ ట్రీలో 30,000కి పైగా పోర్టులున్నాయి.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, పోర్ట్ అంటే సాఫ్ట్‌వేర్ అనుకుంటారు. కాదు. పోర్ట్ అంటే ఒక చిన్న ఫోల్డరు, అందులో నాలుగైదు చిన్న ఫైళ్ళు, అంతే. పెళ్ళికి వంటమేస్త్రి రాసిచ్చే సరుకుల చిట్టా లాంటిదన్నమాట. సరుకు ఏ కొట్లో తేవాలి, దానికి ముందు ఇంకేమేం తెచ్చి ఉంచాలి, ఎలా వండాలి అన్నది మేక్‌ఫైల్లో ఉంటుంది. వచ్చిన మూట బరువు ఎంతుండాలి, దాని మీద ముద్ర ఏమిటి అన్నది డిస్ట్‌ఇన్ఫో అనే ఫైల్లో, సైజు, ఎస్‌హెచ్‌ఏ 256 సంఖ్యల రూపంలో ఉంటుంది. అసలు కోడ్‌లో ఫ్రీబీఎస్‌డీకి కుదరనివాటికి మార్పులు చెయ్యాల్సి వస్తే ఆ ప్యాచ్‌లు ఇంకో ఫోల్డర్లో ఉంటాయి. చివర్న ఏ ఫైలు ఎక్కడికి చేరాలో చెప్పే జాబితా ఉంటుంది. "మేక్ ఇన్‌స్టాల్ క్లీన్" అని కొడితే దించడం, ముద్ర సరిచూడడం, విప్పడం, ప్యాచ్ వెయ్యడం, కాన్ఫిగర్, కంపైల్, ఒక తాత్కాలిక చోట పేర్చి చూడడం, ఆపైన ఇన్‌స్టాల్ - వరసగా జరిగిపోతాయి.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అవసరం పడుతుంది. ముద్ర సరిపోయింది అంటే, మేస్త్రి చూసిన మూటా మన ఇంటికొచ్చిన మూటా ఒకటే అని అర్థం. బియ్యంలో రాళ్ళు లేవని కాదు.

ఇప్పుడు చాలామంది పోర్ట్స్ జోలికి వెళ్ళరు. "పీకేజీ ఇన్‌స్టాల్" అంటే వండి వార్చిన బైనరీ ప్యాకేజీ క్షణంలో దిగుతుంది. 2014లో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 10.0 నుంచి ఈ కొత్త పీకేజీ టూలే డిఫాల్టు. మామూలు వాడకానికి అదే మంచిది, నేను ఇంట్లో లాప్‌టాప్‌లో వాడేదీ అదే. కానీ మా పెట్టెకి కొన్ని ఆప్షన్లు తీసెయ్యాలి, కొన్ని కలపాలి, అందుకని ఆఫీసులో పూడ్రియేర్ అనే టూల్‌తో మా సొంత ప్యాకేజీలు మేమే కట్టుకుంటాం. అది ఒక్కో ప్యాకేజీని ఒక్కో ఖాళీ జైల్లో కంపైల్ చేస్తుంది. చిట్టాలో రాయని సరుకు వంటలో పడే ప్రసక్తే లేదు. మేక్‌ఫైల్లో డిపెండెన్సీ రాయడం మర్చిపోతే బిల్డు అక్కడే ఆగుతుంది.

కొత్తవాళ్ళకి ఒక సలహా. పీకేజీతో దించినవీ, పోర్ట్స్‌లోంచి కట్టినవీ ఒకే మెషీన్లో ఇష్టమొచ్చినట్టు కలపకండి. రిలీజు వెర్షన్లలో బైనరీలు డిఫాల్టుగా మూడు నెలలకోసారి తీసే క్వార్టర్లీ బ్రాంచి నుంచి వస్తాయి. మీరు గిట్‌లో తెచ్చుకున్న ట్రీ మెయిన్ బ్రాంచిది అయితే రెండింటి లైబ్రరీ వెర్షన్లూ వేరువేరుగా ఉండొచ్చు. ఆ తర్వాత ఏది ఎందుకు పగిలిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

సరే, అసలు విషయానికొద్దాం. "మేమైతే అన్నీ సోర్స్ నుంచే బిల్డ్ చేస్తాం, కాబట్టి సేఫ్" అని కాలరెగరేసే మిత్రులు నాకు కొంతమంది ఉన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఎందుకో చెప్పడానికి మూడు కేసులు చాలు.

మొదటిది డెబియన్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ గొడవ. 2006లో, ఒక టూల్ వార్నింగులు చూపిస్తోందని ప్యాకేజీలో రెండు లైన్లు తీసేశారు. యాదృచ్ఛిక సంఖ్యలకి ముడిసరుకు అందించేవి ఆ లైన్లే. దాంతో కీ తయారీలో మిగిలిన తేడా ప్రాసెస్ నంబరు ఒక్కటే అయింది. అంటే ఒక్కో రకం కీకి సుమారు 32 వేల అవకాశాలు, ఓపికుంటే లాప్‌టాప్ మీదే లెక్కపెట్టొచ్చు. 2008 మే నెలలో బైటపడింది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ విడుదల చేసిన అసలు కోడ్‌లో ఈ లోపం లేదు. మంచి ఉద్దేశ్యంతో వేసిన ప్యాకేజీ ప్యాచ్‌లో వచ్చింది. ఆ ప్యాచ్‌తో మీరు మీ ఇంట్లోనే కంపైల్ చేసుకున్నా ఫలితం అదే.

రెండోది ఫ్రీబీఎస్‌డీ సొంత ఇంట్లోనే జరిగింది. 2012 నవంబరు 11న, ప్రాజెక్టు క్లస్టర్లో రెండు మెషీన్లలోకి ఎవరో చొరబడ్డట్టు కనిపెట్టారు. ఆపరేటింగ్ సిస్టంలో లోపం కాదు, ఒక డెవలపర్ ఎస్‌ఎస్‌హెచ్ కీ దొంగచేతికి చిక్కింది. ఏదైనా మార్చినట్టు ఆధారం దొరకలేదు. అయినా, సెప్టెంబరు 19 నుంచి ఆ తేదీ వరకూ ఇచ్చిన థర్డ్ పార్టీ ప్యాకేజీలకి మేం పూచీ పడలేం అని ప్రాజెక్టు వాళ్ళే బహిరంగంగా ప్రకటించారు. దాచకుండా చెప్పడం నాకు నచ్చింది.

మూడోది అందరికీ తెలిసిన ఎక్స్‌జెడ్ వ్యవహారం. లాస్సే కొలిన్ అనే ఆయన ఏళ్ళ తరబడి దాదాపు ఒంటరిగా చూసుకున్న కంప్రెషన్ టూల్ అది. 2022లో కొన్ని అకౌంట్ల నుంచి "నీకు తీరిక లేకపోతే ఇంకొకరికి అప్పగించు" అని ఒత్తిడి మొదలైంది. ఇది జీతం లేని హాబీ పని అని ఆయన చెప్పుకున్నాడు కూడా. జియా టాన్ అనే పేరుతో ఉన్న ఒకరు ఓపిగ్గా సాయం చేస్తూ చేస్తూ, నమ్మకం సంపాదించి, సహ మెయింటెయినర్ అయిపోయి, 5.6.0, 5.6.1 విడుదలల్లో దొంగదారి పెట్టారు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వడం వల్ల 2024 మార్చి 29న ప్రపంచానికి తెలిసింది. లేకపోతే ఏమయ్యేదో ఊహించుకోండి.

ఎక్స్‌జెడ్‌లో గమనించాల్సింది ఏమిటంటే, విషాన్ని లేపే ముక్క గిట్‌లో లేదు, విడుదల చేసిన టార్‌బాల్లోని బిల్డ్ స్క్రిప్టులో ఉంది. అది అధికారికమైన మూటే కాబట్టి ముద్ర చక్కగా సరిపోతుంది. రాళ్ళున్న బియ్యమే, ముద్ర మాత్రం ఒరిజినల్. ఫ్రీబీఎస్‌డీలో ఎక్స్‌జెడ్ బేస్ సిస్టంలో భాగం. డెవలప్‌మెంట్ బ్రాంచిల్లోకి 5.6.0 వచ్చింది కానీ దొంగముక్కలున్న ఫైళ్ళు దిగుమతిలో రాలేదు. పైగా వాళ్ళు బయటివాళ్ళ బిల్డ్ స్క్రిప్టులు వాడరు, తమ మేక్‌ఫైళ్ళు తామే రాసుకుంటారు. ఆ దాడి గురి కూడా లినక్సే అనుకోండి, అది మన అదృష్టం. కానీ వంట మన చేత్తో మనం చేసుకుంటే ఉండే లాభం ఇక్కడ కనిపిస్తుంది. సోర్స్ నుంచి కట్టినంత మాత్రాన రక్షణ రాదు. చిట్టా చదివే అవకాశం వస్తుంది, చదివితేనే ఉపయోగం.

మూడు కేసుల్లోనూ దెబ్బ తగిలింది మనిషి దగ్గరే. ఒకచోట ప్యాచ్ వేసిన మనిషి, ఒకచోట కీ పోగొట్టుకున్న మనిషి, ఒకచోట అలిసిపోయిన మనిషి. అందుకే, ఇవన్నీ తెలిశాక నేను ఏ పోర్ట్ తెరిచినా ముందు చూసేది మెయింటెయినర్ లైను. అక్కడ ఒకరి ఈమెయిల్ ఉంటుంది. ఎవరూ లేకపోతే పోర్ట్స్ మెయిలింగ్ లిస్టు అడ్రసు ఉంటుంది. అంటే ఊరుమ్మడి అన్నమాట. ఊరుమ్మడి చెరువుకి పూడిక ఎవరు తీస్తారో మీకు తెలుసు కదా.

2024లో మా పెట్టెని ఫ్రీబీఎస్‌డీ 14కి మారుస్తున్నప్పుడు సరిగ్గా అలాంటి పోర్ట్ ఒకటి ఎదురైంది. చిన్న సీ లైబ్రరీ. పేరు చెప్పను, చెప్తే మా ప్రాడక్టేదో తెలిసిపోతుంది. పాత సీ కోడ్‌లో ఫంక్షన్‌ని డిక్లేర్ చెయ్యకుండా వాడేస్తే కంపైలరు సణిగి వదిలేసేది. క్లాంగ్ 16 నుంచి దాన్ని ఎర్రర్ చేశారు, ఫ్రీబీఎస్‌డీ 14.0లో వచ్చింది ఆ కంపైలరే. లైబ్రరీ బిల్డ్ అవ్వలేదు. అసలు రచయిత మెయిల్‌కి పలకడం లేదు. పోర్ట్‌కి మెయింటెయినర్ లేడు. మేక్‌ఫైల్లో రెండు కొత్త లైన్లు చేరాయి: ఒకటి డిప్రికేటెడ్, రెండోది ఎక్స్‌పిరేషన్ డేటు. ఆ తేదీలోగా ఎవరూ పట్టించుకోకపోతే ట్రీలోంచి తీసేస్తారు. అందులో వాళ్ళ తప్పేం లేదు, దిక్కులేని కోడ్‌ని అలా ఉంచడమే ప్రమాదం.

మా మేనేజరు మంచాయనే. "దాన్ని మన ట్రీలోకి కాపీ కొట్టేసి, ప్యాచ్ వేసి కానిచ్చెయ్ బాబూ" అన్నాడు.

"రేపు దాంట్లో సెక్యూరిటీ హోల్ బైటపడితే మనకెవరు చెప్తారండీ? ట్రీలో లేని పోర్ట్ గురించి ఎవరు పట్టించుకుంటారు? మన ఆడిట్ టూల్ కూడా నోరు మూసుకుని కూర్చుంటుంది" అన్నాను.

"రేపటి సంగతి రేపు చూద్దాం. రిలీజు శుక్రవారం" అన్నాడు. ఆయన పరిస్థితి కూడా నాకు అర్థమైంది. శుక్రవారం రిలీజుకి కాపీ కొట్టిందే వెళ్ళింది.

కానీ ఆ ప్యాచ్ పట్టుమని పద్నాలుగు లైన్లు. కంపెనీ పేరు మీద పైకి పంపుదామంటే లీగల్ అనుమతి కావాలన్నారు. లీగల్ వాళ్ళ ఫారంలో "దీనివల్ల సంస్థకు కలిగే వ్యాపార ప్రయోజనం" అని ఒక గడి. "మన పెట్టె నడుస్తుంది" అని రాశాను. మూడు వారాలు జవాబు లేదు. చివరికి, నా సొంత టైములో, సొంత లాప్‌టాప్ మీద, సొంత పేరుతో చేసుకుంటానని మెయిల్ పెడితే ఒక్క రోజులో సరేనన్నారు. బగ్‌జిల్లాలో పెట్టాను. ఎక్కడో వేరే దేశంలో ఉన్న ఒక కమిటర్ చదివి, సపోర్ట్‌లో ఉన్న అన్ని వెర్షన్ల మీదా పూడ్రియేర్ లాగులు అడిగాడు, 32 బిట్ మెషీన్ సంగతేమిటన్నాడు, ఒక లైను ఎందుకు మార్చావని అడిగాడు. ఆరేళ్ళ ఉద్యోగంలో నా కోడ్‌ని ఇంత శ్రద్ధగా చదివినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. చివరికి ప్యాచ్ లోపలికి వెళ్ళింది, ఎక్స్‌పిరేషన్ లైను పోయింది, మెయింటెయినర్ లైన్లో నా ఈమెయిల్ వచ్చింది. దానికి కమిటర్ అయ్యుండక్కర్లేదు, ఎవరైనా తీసుకోవచ్చు. ఎవరైనా మార్పు పంపితే రెండు వారాల్లో జవాబివ్వాలి. లేకపోతే మెయింటెయినర్ టైమౌట్ అని కమిటర్లే మార్చేసుకోవచ్చు. మూడు నెలలు అజాపజా లేకపోతే పేరే తీసేస్తారు. రూలంటే అలా ఉండాలి.

అప్పట్నుంచి నెలకి ఒక శనివారం పొద్దున్న రెండు గంటలు దానికి పోతాయి. ఆ ఏడాది అప్రైజల్లో ఈ ముక్క రాద్దామని చూస్తే ఏ గడిలోనూ పట్టలేదు. "కేఆర్ఏలో లేదు కదా" అన్నారు. నిజమే, లేదు. మా పెట్టె అమ్ముడుపోవడం కేఆర్ఏలో ఉంది, పెట్టె లోపలున్న లైబ్రరీ బతికుండడం లేదు.

ఇది కేవలం మా కంపెనీ గోల కాదు. పీకేజీ క్వెరీ కమాండుతో ఇన్‌స్టాల్ అయిన ప్రతి ప్యాకేజీకీ మెయింటెయినర్ ఎవరో ఒక్క లైనులో తెప్పించుకోవచ్చు. మా పెట్టె మీద నడిపితే ఊరుమ్మడివి లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్ళు చాలలేదు. లినక్స్ వాడేవాళ్ళు నవ్వుకోనక్కర్లేదు, డెబియన్లోనూ దిక్కులేని ప్యాకేజీలకి ప్రత్యేకంగా జాబితాయే ఉంది. ఎన్‌పీఎం సంగతి చెప్పనే అక్కర్లేదు. 2016 మార్చిలో పదకొండు లైన్ల లెఫ్ట్-ప్యాడ్‌ని దాని రచయిత తీసేస్తే ఎన్ని బిల్డులు కూలాయో గుర్తుందిగా.

నేను చెప్పొచ్చేది ఇంతే. మనవాళ్ళం హైదరాబాదులో, బెంగళూరులో, న్యూజెర్సీలో కూర్చుని ఈ ప్యాకేజీల మీద బోలెడంత వ్యాపారం నడిపిస్తున్నాం. లైసెన్స్ ఫీజు కట్టక్కర్లేదు కాబట్టి ఉచితం అనుకుంటున్నాం. ఉచితం కాదు, ఎవరో శనివారాలు కడుతున్నారు. కంపెనీలు కోట్లు దానం చెయ్యమని నేనడగడం లేదు. మీ ప్రాడక్టులో దిక్కులేనివి ఏవో జాబితా వేయించండి, అందులో ముఖ్యమైన రెండిటికి ఆఫీసు టైములోనే నెలకి నాలుగు గంటలు ఇవ్వండి, దాన్ని అప్రైజల్లో ఒక గడిగా పెట్టండి. ఆ లైబ్రరీ ఒక రోజు చెడి కస్టమర్ ఫోన్ చేస్తే నలుగురు ఇంజనీర్లు వారాంతమంతా కూర్చునే ఖర్చుతో పోలిస్తే ఇది చిల్లర.

"కుర్రాడివి, ఆవేశం, పెళ్ళయితే శనివారాలుండవు" అని ఒక సీనియర్ అన్నాడు. అనుభవంతో చెప్పినట్టున్నాడు :-) కానీ ఆయన మాట నా వాదనకే బలం. ఒక కుర్రాడి పెళ్ళికాని శనివారాల మీద పెట్టె నడవకూడదు అనేగా నేనూ అంటున్నది!

ఇప్పుడు నేను ఉద్యోగం మారుతున్నాను. అరవై రోజుల నోటీసులో సగం అయిపోయింది. హ్యాండోవర్ పత్రంలో ఈ పోర్ట్‌కి కూడా ఒక లైను రాశాను. ఎవరికి అప్పగిస్తావని మేనేజరు అడిగాడు. టీములో ముగ్గుర్ని అడిగాను, ముగ్గురూ రిలీజు పనుల్లో ఉన్నారు. కాబట్టి ప్రస్తుతానికి అది నా పేరు మీదే ఉంటుంది. కంపెనీ మారినా శనివారాలు మారవు కదా. ఆ లైను పక్కన ఇంకా పేరు లేదు. రిలీవ్ అయ్యేలోపు ఎవరో ఒకర్ని కూర్చోబెట్టి ఒక్కసారైనా చేయించాలని ప్రయత్నం.

ఈ వారాంతం ఒక అరగంట తీరిక చేసుకుని మీ సర్వర్లో ఆ ఒక్క కమాండు నడిపి చూడండి. ఎవరి పేరూ లేనివి ఎన్నున్నాయో, అందులో మీ జీతం ఆధారపడ్డవి ఏవో చూసి చెప్పండి. ఏదైనా తీసుకోవాలనిపిస్తే మొదటి ప్యాచ్‌కి నేను తోడుంటాను, శనివారం పొద్దున్న అయితే ఇంకా మంచిది.